ఆదివారం గీత

లైటు ఆరిపోయింది.

కోల్డ్ రూమ్ మొత్తం ఒక్కసారిగా నల్లబడింది.

స్టూలు మీద నిలబడ్డ మనిషి కదల్లేదు. ఎడమ చెయ్యి గోడకున్న, డిగ్రీలు రాసుకునే చిన్న పెట్టె మీద ఉంది. కుడిచేతి గోళ్ల మధ్య మెమరీ కార్డు... సగం బయట. సగం ఇంకా లోపలే.

వేళ్లు మొద్దుబారాయి. పట్టు ఉందో లేదో తెలియడం లేదు.

బయట గడియ పడిన చప్పుడు. ఆ వెంటనే తాళం.

"ఐసన్నా..." మందపాటి తలుపు అవతల నుంచి సెక్యూరిటీవాడి గొంతు సన్నగా వినిపించింది. "ఏమనుకోకు. పెద్దాయన వచ్చేదాకా నిన్ను లోపలే ఉంచమన్నారు."

"ఎప్పుడొస్తారు?"

"ఏమో. టీ తాగి వస్తారేమో."

"లోపల రెండు డిగ్రీలురా."

"నీకు అలవాటేగా అన్నా."

అలవాటే. ఇరవై రెండేళ్లుగా అలవాటు. మందుల గోడౌన్‌లో చలిగదుల మెకానిక్కు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి స్పానరు పట్టుకున్నాడు. ఓనరు పెద్దాయన నుంచి హమాలీ దాకా అందరికీ ఐసన్నే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు.

గోరు గుచ్చి లాగాడు. కార్డు ఊడి వచ్చింది.

సాక్సులో దోపుకున్నాడు.

చీకట్లో గోడ తడుముకుంటూ తలుపు దాకా నడిచాడు. లోపలివైపు ఒక గుబ్బ ఉంటుంది. బయట ఎన్ని తాళాలు వేసినా, ఆ గుబ్బ తిప్పితే గడియ బిగింపే ఊడి పడుతుంది. మనిషి లోపల చిక్కుకుంటే చావకూడదని పెట్టే ఏర్పాటు. మూడేళ్ల కింద దాన్ని బిగించింది అతనే.

సెక్యూరిటీవాడికి ఆ సంగతి తెలియదు. అది నేర్పాల్సిన రోజున పెద్దాయన అందరినీ కూర్చోబెట్టి క్లౌడ్ గురించి రంగు బొమ్మలు చూపించారు.

గుబ్బ తిప్పాడు.

తాళం, గడియ, రెండూ కలిసి అవతల నేల మీద పడ్డాయి.

పరుగు!

మందుల ర్యాకుల మధ్య సందు. ఎడమ. మళ్లీ ఎడమ. వెనక విజిల్. "ఒరేయ్, బయటికొచ్చాడ్రా... గేటు వెయ్యండి..."

లోడింగ్ దగ్గర ఫ్రిజ్ లారీ వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. హమాలీలు ఇన్సులిన్ డబ్బాలు ఎక్కిస్తున్నారు. మూడొందల డబ్బాలు. సాయంత్రం ఆరింటికి బండి బయల్దేరుతుంది. తెల్లారేసరికి పద్నాలుగు ఆసుపత్రులకు అందుతాయి.

గోడ గడియారం నాలుగూ యాభై చూపిస్తోంది.

ఆ డబ్బాలన్నీ నెల కిందట ఒక గురువారం తెల్లవారుజామున ఆ చలిగదిలోనే గడ్డకట్టాయి. పొద్దెక్కాక కరిగాయి. కరిగిన ఇన్సులిన్ చూడ్డానికి మంచిదానిలాగే ఉంటుంది. తేటగా, నీళ్లలా. పని మాత్రం చెయ్యదు.

ఆ సరుకులోంచి ఒక డబ్బా అతని ఇంటికి వెళ్లింది. స్టాఫ్ కోటా. అతని భార్య రోజూ రెండు పూటలా పొడుచుకుంది. ఒక్క పూట తప్పలేదు. నాలుగో రోజు పడిపోయింది. ఆరో రోజుకి లేదు.

మందు సరిగ్గా వాడలేదని డాక్టరు రాశాడు.

ఇరవై రోజులైంది. అతనికి ఏడుపు రాలేదు. ఆకలి వెయ్యడం లేదు. అన్నం ఎదురుగా పెట్టుకుని అది చల్లారడం చూస్తూ కూర్చుంటాడు.

లారీ పక్కనుంచి దూకాడు. బయట వాన. స్కూటర్ ఒక్క కిక్కుకే అందుకుంది.

గేటు సగం మూసుకుంది... మిగిలిన సగంలోంచి దూరిపోయాడు.

వెనక తెల్ల వ్యాను స్టార్టయింది.

*

రోడ్డంతా బ్రేకు లైట్లు. వాన నీళ్లు కళ్లలో పడుతున్నాయి.

అద్దంలో వ్యాను. నాలుగు కార్ల వెనక.

జేబులో ఫోను మోగుతోంది. మోగీ మోగీ ఆగింది. మళ్లీ మోగింది. హెల్మెట్ సందులోకి దోపి ఎత్తాడు.

"బావా, ఎక్కడున్నావ్?"

బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. గోడౌన్‌లో కంప్యూటర్ల మేనేజరు. కంపెనీని క్లౌడ్‌లోకి ఎక్కించింది వాడే. అందుకే హమాలీలు వాణ్ని మబ్బుసారు అంటారు.

"వానలో ఉన్నాను."

"ఆ కార్డు తీశావా?"

"తీశాను."

అవతల ఊపిరి వినిపించింది. "ఇచ్చెయ్ బావా. నా మాట విను. వెనక్కొచ్చెయ్."

"నీ మాట మూడేళ్లుగా వింటున్నాంగా."

నిజం చెప్పాలంటే మొదట్లో ఆ క్లౌడ్ మాట మంచిమాటే. అంతకుముందు కింది గదిలో ఒక సర్వరు ఉండేది. ఒక వరద వచ్చి నాలుగు నెలల లెక్కలు బురదలో కలిశాయి. ఏ బ్రాంచిలో ఏ మందు గడువు దాటుతోందో ఎవడికీ తెలిసేది కాదు. క్లౌడ్ వచ్చాక నాలుగు బ్రాంచిలూ ఒకే స్క్రీన్ మీద కనిపించాయి. వరదొచ్చినా లెక్క చెక్కుచెదరలేదు. సర్వర్ గది ఖాళీ అయితే అందులో ఇంకో రెండు ర్యాకులు పెట్టారు. పెద్దాయన పెళ్లి పందిట్లో కూర్చుని కూడా చలిగది ఎన్ని డిగ్రీలుందో ఫోన్లో చూసుకునేవారు.

ఆ సంబరంలోనే రాత్రిపూట చలిగది దగ్గర కూర్చునే మనిషిని తీసేశారు. అలారం నేరుగా మెకానిక్కు ఫోనుకే వస్తుంది కదా, మనిషెందుకన్నారు.

"మబ్బులో పెట్టారంటగా, వానొస్తే కారిపోదా సారూ?" అని ఒక హమాలీ అడిగితే అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

సిగ్నల్ ఎర్రబడింది. ఆగలేదు. హారన్లు తిట్టాయి.

"బావా, రికార్డు క్లీన్‌గా ఉంది. మూడు ఊళ్లలో మూడు కాపీలున్నాయి. మూడింట్లోనూ ఆ రాత్రి నాలుగు డిగ్రీలే. నువ్వు ఒక్కడివి వెళ్లి కాదంటే ఎవడు నమ్ముతాడు?"

"గురువారం తెల్లారి ఐదింటికి లోడింగుంటుంది. తలుపు తీస్తారు. వేడి గాలి దూరి గ్రాఫ్‌లో గీత పైకి ఎగరాలి. ఆ రోజు ఎగరలేదు. తలుపు తియ్యని రోజు వారంలో ఒక్కటే."

హ్యాండిల్ తిప్పి ఒక ఆటోను దాటాడు.

"ఆదివారం గీత తెచ్చి గురువారానికి అతికించావ్. చదువుకున్నవాడివి, ఆ మాత్రం చూసుకోవద్దా?"

అద్దం మీది నీళ్లు బొటనవేలితో తుడిచాడు.

"రికార్డు మార్చే తాళంచెవి నీ ఒక్కడి దగ్గరే ఉంది. నువ్వొకటి మార్చావ్, బుద్ధిగా మూడూ మారాయి. గోడకున్న పెట్టె ఒక్కటే నీ మాట వినలేదు. నెట్ పోయినప్పుడు అక్కరకొస్తుందని నెలరోజుల లెక్క దాచుకుంటుంది, పాపం."

"అందులో ఏముందో నీకు తెలీదు బావా." అన్నాడు బావమరిది. "చూస్తే తట్టుకోలేవు."

"నాకు తట్టుకోవడమంటే ఏంటో తెలియట్లేదురా ఈ మధ్య."

అద్దంలో చూశాడు.

వ్యాను రెండు కార్ల వెనకే ఉంది!

ఫోను కట్ చేశాడు. ఎడమకు తిప్పి బస్ డిపోలోకి దూరాడు. స్కూటర్‌ని నిలబెట్టలేదు, వదిలేశాడు. అది పక్కకు ఒరిగింది. బస్సులు కడిగే షెడ్డులోంచి నడుస్తూ, తడిసిన కూలీల్లో ఒకడై, అవతలి గేటు దగ్గర కదులుతున్న బస్సు ఎక్కాడు.

వ్యాను డిపో గేటు దగ్గర ఆగింది. ఇద్దరు దిగారు. స్కూటర్ చుట్టూ తిరుగుతున్నారు.

బస్సులో ఎవరో సీటిచ్చారు. కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనేమో అనిపించింది.

*

మందుల తనిఖీ ఆఫీసు. మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.

ఐదూ ముప్పై ఐదు.

వారం కింద ఒకసారి వచ్చాడు ఇక్కడికి. ఇన్‌స్పెక్టరమ్మ కంప్యూటర్‌లో కంపెనీ రికార్డు తెరిచి చూపించింది. "అన్నీ సరిగ్గా ఉన్నాయండీ. మీరు గీత ఎగరలేదంటున్నారు, అది ఆధారం కాదు. ఇంకేమైనా ఉంటే తీసుకురండి. ఆరింటిదాకా ఉంటాను, ఏ రోజైనా."

మొదటి అంతస్తు. రెండో అంతస్తు...

మెట్ల మలుపులో ఒకడు కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

బావమరిది.

"నువ్వు ఇక్కడికే వస్తావని తెలుసు," అన్నాడు. "వాళ్లకి చెప్పలేదు. ఒక్కణ్నే వచ్చాను."

"లే. దారియ్యి."

"ఒక్క నిమిషం బావా."

"లారీ ఆరింటికి పోతుంది."

"తెలుసు."

"తెలిసీ?"

బావమరిది లేచి నిలబడ్డాడు. దారివ్వలేదు. మెట్ల మీద రెండు చేతులూ అడ్డంగా చాపాడు. 

"ఆ రాత్రి పెట్టె మొత్తుకుంది బావా. రెండూ పద్నాలుగుకి. గోడౌన్‌లో సైరన్, నీ ఫోనుకి అలారం. ఒక్క నిమిషంలో ఆగిపోయింది. ఫోన్లో ఎవరో ఓకే నొక్కారు. నొక్కితే సైరన్ ఆగిపోతుంది కదా. ఎవరో చూసుకుంటున్నారని గేటు దగ్గరవాళ్లు మళ్లీ పడుకున్నారు."

"నా ఫోనుకి రాలేదు."

"వచ్చింది."

"రాలేదురా. నేను పడుకున్నాను. రెండు డ్యూటీలు చేసి..."



బావమరిది అతని మొహంలోకి చూడటం లేదు. అతని బూట్ల వైపు చూస్తున్నాడు.

"పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. 'తమ్ముడూ, రాత్రి మీ బావ ఫోను ఒకటే గోల. తలుపు సరిగ్గా వెయ్యకపోయినా రోజూ అరుస్తుంది కదా అది. పాపం పడుకున్న మనిషిని ఎక్కడ లేపుతాంలే అని నేనే నొక్కేశాను. ఏం పర్లేదుగా?' అంది."

కింది అంతస్తులో ఎవరో తలుపు వేశారు.

"నువ్వేమన్నావ్?"

"పర్లేదక్కా అన్నాను." బావమరిది తడిసిన మొహం తుడుచుకున్నాడు. "అప్పటికింకా రికార్డు చూడలేదు బావా. చూశాక మైనస్ ఆరు ఉంది. నీ ఉద్యోగం పోతుంది, నిన్ను లోపలేస్తారు అనుకున్నాను. గీత మార్చాను. ఒక్క రాత్రే కదా, ఏమీ కాదులే అనుకున్నాను. తర్వాత ఆసుపత్రిలో... అక్క మంచం పక్కన డబ్బా చూశాను. దాని మీద నెంబరు చదివాను. ఆ రాత్రి సరుకే."

అతను గోడకు చెయ్యి ఆన్చాడు. గోడ చల్లగా ఉందో లేదో తెలియలేదు.

"అప్పుడైనా చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు నన్ను చంపేవాడివి."

"ఏమో. చంపేవాణ్నేమో."

"నెంబరు చూడగానే పెద్దాయనకి చెప్పాను. సరుకు ఆపేద్దామన్నాను. 'గీత మార్చింది నువ్వు, నొక్కింది మీ ఇంటివాళ్లు, నోరు మూసుకో' అన్నారు. బావా, ఆ కార్డు పెడితే నీ ఉద్యోగి నెంబరొస్తుంది. నువ్వు కాదంటే అక్క పేరొస్తుంది. ఇంకెవరి ఇంట్లో పోయినా, అక్క వల్లే పోయారంటారు. పోయిన మనిషిని ఎందుకు బావా..."

అతను వంగాడు. సాక్సులోంచి కార్డు తీశాడు. చిటికెనవేలి గోరంత ఉంది.

ఇరుకు మెట్లు. చేతులు అడ్డం పెట్టిన బావమరిది. తన పెళ్లినాటికి వీడికి పదకొండేళ్లు. బావ స్పానర్ల సంచి మొయ్యడానికి పోట్లాడేవాడు.

"తియ్యరా చెయ్యి."

ఎక్కువ గట్టిగా అనలేదు.

చెయ్యి కిందికి దిగింది.

*

ఇన్‌స్పెక్టరమ్మ అప్పటికే సంచి భుజానికి తగిలించుకుంది. కార్డు చూసి మళ్లీ కూర్చుంది. కంప్యూటర్ తెరిచింది.

అంకెలు దిగుతున్నాయి. ఒంటిగంట... నాలుగు డిగ్రీలు. ఒంటిగంటన్నర... ఒకటి. రెండు గంటలు... మైనస్ రెండు.

ఆమె కుర్చీ ముందుకు జరిపింది.

మైనస్ నాలుగు. మైనస్ ఆరు. ఉదయం ఐదు దాకా మైనస్ ఆరే.

"దేవుడా..." అంది నెమ్మదిగా. వేలు ఒక చోట ఆగింది. "ఇక్కడ అలారం. రెండూ పద్నాలుగు. రెండూ పదిహేనుకి ఎవరో ఆపారు. ఉద్యోగి నెంబరు నలభై ఒకటి. ఎవరిది?"

అతను తలెత్తి చూశాడు.

గోడ గడియారం. ఐదూ నలభై తొమ్మిది.

బావమరిది గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"చూడండీ," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "కంపెనీది మూడు కాపీల రికార్డు. మీది జేబులో తెచ్చిన ముక్క. వాళ్ల లాయరు ఇదంతా మీరే తయారుచేశారంటాడు. ఇందులో ఉన్న మనిషి ఎదురుగా నిలబడి, అవును, ఇది జరిగింది, నేనే ఆపాను అని సంతకం పెడితేనే నేను లారీ ఆపగలను. కానీ ముందే చెప్తున్నా. ఆ సంతకం పెట్టినవాళ్ల మీద కేసవుతుంది. ఈ సరుకుతో ఎవరైనా పోయి ఉంటే, అది కూడా ఆ మనిషి మీదికే వస్తుంది."

"ఒకళ్లు పోయారు," అన్నాడు.

"ఎవరు?"

"నా భార్య."

ఆమె అతన్ని చూసింది. బావమరిదిని చూసింది. మళ్లీ స్క్రీన్ చూసింది.

"నలభై ఒకటి ఎవరండీ?"

బావమరిది ఒక అడుగు లోపలికి వేశాడు. "మేడమ్, ఆ రాత్రి ఫోను..."

"నాది," అన్నాడు అతను. "నలభై ఒకటి నాదే. నేనే నొక్కాను."

"బావా..."

"నువ్వుండరా."

కాగితం ముందుకొచ్చింది. పెన్ను పట్టుకున్నాడు. వేళ్లు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, జీతం కాగితం మీద కాకుండా ఇంకోచోట అతని అసలు పేరు పడింది.

ఇన్‌స్పెక్టరమ్మ ఫోను ఎత్తింది. "చెక్‌పోస్టా? తెల్ల ఫ్రిజ్ లారీ. ఇన్సులిన్. గోడౌన్ గేటు దాటనివ్వకండి. దాటితే ఎక్కడుంటే అక్కడ ఆపండి. అవును, మొత్తం సరుకు సీజ్."

ఐదూ యాభై ఏడు.

ఫోను పెట్టేసింది. ఇంకో కాగితం తీసింది. కలం మూత విప్పింది.

"వాంగ్మూలం. తడబడకుండా చెప్పండి. అలారం వచ్చిందని తెలుసు. ఓకే ఎందుకు నొక్కారు?"

గుమ్మం దగ్గర బావమరిది నేల మీద కూలబడ్డాడు.

అతను ఆలోచించలేదు. ఆలోచించాల్సింది ఏమీ లేదు.

"నిద్ర పాడవుతుందని," అన్నాడు.