ఎడమ పక్కన పద్మిని

భర్త స్వామి నడిపే బండి ఏదో ఒకరోజు ఎవరినైనా గుద్దుతుందని, ఆ కబురు కొత్త నంబరు నుంచి ఫోన్‌లో వస్తుందని మమతకు భయం. పెళ్లయిన ఆరేళ్లుగా ఆమెకు అంతకంటే పెద్ద భయం లేదు.

ఆ రోజు పొద్దున్నే మణికొండ గల్లీలో, ఇంటి ముందు, స్వామి క్యాబ్ అద్దం తుడుస్తున్నాడు. హాస్టళ్ల దగ్గర ఆడపిల్లలను ఎక్కించుకుని రాయదుర్గం ఆఫీసుల్లో దింపడం ఆయన డ్యూటీ. చెయ్యి ఆడుతున్నంత సేపూ నోరు కూడా ఆడాల్సిందే.

"చూడు యశూ, ఇప్పటి కార్ల మొఖంల అంత కోపమే. కండ్లు సన్నగ చేసుకొని పంచాయితీకొచ్చినట్టు చూస్తయి. పాతయి గట్ల కాదు. గుండ్రటి లైట్లు, చంటిపిల్ల మొఖం. అంబాసిడర్ల పెద్దమనుషులు తలపాగ తియ్యకుండ కూసునేటోళ్లు. పద్మిని వేరే. దానికి నడుముంటది."

"కారుకు నడుమేంది డాడీ?" అంది ఐదేళ్ల యశస్విని.

"మీ అమ్మనడుగు. ఎనిమిదో తరగతితోని చదువు ఆపిన్రు గని, కార్లల డిగ్రీ నేనిచ్చిన."

మమత నవ్వుతూ టీ గ్లాసు తెచ్చింది. అప్పుడే చూసింది. స్వామికి ఎడమ పక్కన, కిరాణా కొట్టు ముందు, పాత నీలం పద్మిని కారు ఆగి ఉంది. ఒకప్పుడైతే ఆయన టీ వదిలేసి వెళ్లి, దాని బానెట్ మీద చెయ్యి వేసి, నడిపేవాడితో అరగంట ముచ్చట పెట్టేవాడు. ఇప్పుడు తల కూడా తిప్పలేదు.

"ఏందయ్యా, నీ పద్మిని వస్తే పలకరించవా?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. "చూసిన. డ్యూటీకి టైమయితుంది."

"ఏం రంగో చెప్పు. తిరగకు."

"తెల్లది."

"నీలం, డాడీ," అని యశస్విని పకపకా నవ్వింది.

మమత నవ్వలేదు. బానెట్ మీదున్న తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది.

"ఎన్ని రోజుల సంది?"

"ఏంది ఎన్ని రోజులు? తాళంచెవి ఇటియ్యి."

"పోయిన నెల ఎడమ అద్దం పగిలితే, గోడే ముందుకొచ్చిందన్నవు. నేను పిచ్చిదాని లెక్క నవ్విన."

"పరేషాన్ చెయ్యకు మమతా. బండి తప్ప నాకేం తెలుసు?"

"బండిల నలుగురు ఆడపిల్లలుంటరు. వాళ్లకు అమ్మలున్నరు."

స్వామి మెట్టు మీద కూలబడ్డాడు. "మూడు నెలలాయె. ఎడమ కన్ను మబ్బు పట్టినట్టుంటది. చెప్తే బండి ఎక్కనియ్యవని..."

"ఎక్కనియ్య."

ఇంకా తిట్టాలనుకుంది. కానీ పక్కన కూర్చుని ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. సూపర్‌వైజర్‌కు స్వామే చేశాడు. "రవీందరన్నా, నాకు కండ్లు సరిగ కనబడ్తలేవు. ఇగ వేరేటోళ్లను పంపు." ఫోన్ పెట్టేసి, అద్దం తుడిచే గుడ్డను మడిచి పక్కన పెట్టాడు.

కంటి దవాఖానలో డాక్టరమ్మ కుడి కన్ను మూయించి వేళ్లు చూపించింది. స్వామి చాలాసేపు చూసి "రెండు" అన్నాడు. నాలుగు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. పోయిన చూపు రాదట. కుడి కంట్లోనూ మొదలైందట, ఉన్న చూపు నిలవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలట. "ముందే వస్తే..." అని ఆమె ఆగిపోయింది.

మమతకు ఏం చేయాలో తెలియలేదు. తను ఏం పని చేయగలదో, రేపటి నుంచి ఎట్లా గడుస్తుందో, ఏదీ తెలియలేదు. బయట బెంచీ మీద ఆయన తల వెనక్కి వంచి, చుక్క వేసింది. చెంప మీద పడింది. రెండోదీ అంతే. మూడోది కంట్లో పడింది.

"నేను చెప్పాల్సింది," అన్నాడు స్వామి, కళ్లు మూసుకునే.

"నేను అడగాల్సింది," అంది మమత.

మీ ఇంట్లోనో, మీరు రోజూ ఎక్కే క్యాబ్‌లోనో బండి నడిపే మనిషి ఉంటే, ఇవాళ ఒక్కసారి అడగండి. బాగానే కనిపిస్తుందంటాడు. నమ్మకండి. ఒక్కో కన్నూ మూసుకుని చూడమనండి. చూసేదాకా పక్కనే నిలబడండి.