గుగ్గిలం పూసిన కట్టు

నర్సు విక్టోరియా ట్రే మీది గుడ్డ తీసింది. తొమ్మిదేళ్ల నూకరత్నం కట్టున్న చేతిని గుండెలకు అదుముకుంది.

ట్రేలో చిన్న రంపం, వంకర ముక్కు కత్తెర, పొట్టి చాకు, గిన్నెడు వెనిగర్ ఉన్నాయి. కరెంటు రంపాలు ఇంకా రాని రోజులవి. ప్లాస్టర్ కట్టును వెనిగర్‌తో నానబెట్టి, చేత్తోనే కోసేవారు.

"కట్టు విప్పుతామని చెప్పి చెయ్యే కోసేస్తారంట!"

కొల్లేటి గట్టున దోనె ఎక్కుతుంటే సూరమ్మత్త అన్న ఆ మాట, ఏలూరు ఆసుపత్రి దాకా పిల్ల వెంటే వచ్చింది. లేకపోతే కట్టు విప్పడానికి రంపమెందుకు?

విక్టోరియా కట్టు పొడవునా వెనిగర్ పోసింది. అది బొట్లు బొట్లుగా జారి నేలమీద పడింది.

"నానడం లేదే! దీనికేమైనా రాశావా అమ్మాయీ?"

"ఏం లేదండి."

విక్టోరియా ఆ జవాబును నమ్మలేదు. అలాగని గదమాయించనూ లేదు. పొద్దుట ఇంకెవరికో విప్పిన కట్టు ముక్కను గిన్నెలో ముంచింది. కాసేపటికి అది మెత్తబడింది.

"వెనిగర్ మంచిదే. తేడా నీ కట్టులోనే ఉంది" అంటూ రంపం అందుకుంది.

"చూశావా నాన్నా! సూరమ్మత్త చెప్పలా?" నూకరత్నం తండ్రి పెద్దింటయ్య వెనక నక్కింది.

"ఊరుకోవే! ఏమీ అనుకోకండి నర్సమ్మగారండీ, దీనికి అన్నీ అనుమానాలేనండి."

"అనుమానం మంచిదేనండి. తేల్చుకోకపోతేనే చిక్కు." విక్టోరియా రంపం పక్కన పెట్టి కత్తెర తెరిచింది. దాని కింది రేకు మీద తన వేలు పెట్టి గట్టిగా నొక్కింది. "చర్మానికి ఆనేది ఇదీ. నా మాట నమ్మక్కర్లేదు. నువ్వే తాకి చూడు."

నూకరత్నం వేలి కొసతో తాకింది. తర్వాత గట్టిగా రుద్దింది. తెడ్డు అంచులా మొద్దుగా ఉంది.

"మరి రంపమో?"

"కట్టు నానితే దానితో పనే లేదు."

ఎంత వెతికినా ఆవిడ మాటల్లో అబద్ధం దొరకలేదు. ఆ గదిలో ఉన్న అబద్ధం తనదొక్కటే.

"గుగ్గిలం పూశానండి" అంది నూకరత్నం, నేల చూపులు చూస్తూ. "నీరు దిగకుండా నూనెలో కాచి దోనెకు పూస్తారే, అది. కట్టు తడవకూడదన్నారు కదండీ. నీళ్లలోకి దిగకుండా ఉండలేకపోయానండి."

"ఓసి నీ తెలివి తెల్లారా!" పెద్దింటయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ముంతెడు గుగ్గిలం ఏమైందా అని మీ మామయ్యని దొంగను చేశానే!"

విక్టోరియా నవ్వాపుకుంది. చాకుతో పైపూత గీకి, మళ్లీ వెనిగర్ పోసింది. ఈసారి కట్టు నానింది. కత్తెర మొద్దు రేకు లోపలికి దూరి, కరకరమంటూ ముందుకు సాగింది. పాలిపోయిన చెయ్యి బయటపడింది. ఐదు వేళ్లూ కదిలాయి.

"నొప్పేమైనా ఉందా?"

ఉందంటే మళ్లీ కట్టు వేస్తారేమో! రేపే దోనె ఎక్కాలని ఆ పిల్ల ఆశ.

"ఏం లే..." అనబోయి ఆగింది. మణికట్టు మీద వేలు పెట్టింది.

"ఇక్కడ ఉందండి. కొంచెం."