ఫీబీ చెప్పని జవాబు

మా ఇంటి ముందు గదే నా కచేరీ. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడలో కట్టిన పొయ్యి. కిటికీలోంచి చూస్తే రారిటన్ నది. ఎవరి పంది ఎవరి తోటలో పడింది, ఎవరి కంచె ఎవరి హద్దు దాటింది... మేజిస్ట్రేటుగా తొమ్మిదేళ్ళలో ఆ గదిలో నేను తీర్చిన తగవులన్నీ అలాంటివే. నా పేరు ట్యూనిస్ వాన్ లీర్. ఊళ్ళో మంచివాడనే పేరుంది. బానిసత్వం పోవాలని న్యూజెర్సీలో పెట్టుకున్న సంఘానికి మా తాలూకా కార్యదర్శిని నేనే. జూలై నాలుగున, మా దేశపు స్వాతంత్ర్య దినాన, చర్చి ముందు నిలబడి నేను స్వేచ్ఛ గురించి మాట్లాడితే ముసలమ్మలు కళ్ళు ఒత్తుకునేవారు.

సంతకం పెట్టిందీ నేనే.

1818 మార్చి. నది మీద మంచు పలకలు ఇంకా పూర్తిగా కరగలేదు. నా భార్య ఫెమ్మి తమ్ముడు రూలెఫ్ ఆ శీతాకాలమే లూసియానాలో చెరకు తోట కొన్నాడు. మా వైపు దొరికిన బానిసలనందరినీ పోగేసి పడవలో దక్షిణాదికి పంపే పనిలో ఉన్నాడు. దానికి మా చట్టం ఒకటి అడ్డం. ఇక్కడ పుట్టే నల్లబిడ్డలు కొన్నేళ్ళు యజమాని దగ్గర పనిచేసి, పెద్దయ్యాక స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చు. పెద్దవాళ్ళనైనా సరే, వాళ్ళ ఇష్టం లేకుండా రాష్ట్రం దాటించకూడదు. మేజిస్ట్రేటు ఒక్కొక్కరినీ విడిగా, యజమాని లేనిచోట కూర్చోబెట్టి అడగాలి. నీ ఇష్టంతోనే వెళుతున్నావా అని. అవునంటేనే కాగితం. లూసియానాలో ఇలాంటి చట్టమేమీ లేదు. అక్కడ దిగితే చంటిబిడ్డయినా చచ్చేదాకా బానిసే.

ఆ ఉదయం రూలెఫ్ నన్ను తన గడ్డికొట్టానికి పిలిపించాడు. ఎనిమిదిమంది బానిసలు వరసగా నిలబడి ఉన్నారు. రూలెఫ్ చేతిలో ఒక కర్ర. పక్కన అతని పనివాళ్ళు ఇద్దరు.

"త్వరగా కానివ్వు బావా. మధ్యాహ్నం ఎక్కించేస్తే సాయంత్రం నది పోటు తియ్యగానే పడవ కదులుతుంది."

"విడిగా అడగాలి రూలెఫ్. నువ్వు కాసేపు బయటికి వెళ్ళు."

"ఈ చలిలోనా? నేనేమైనా వాళ్ళ నోరు మూశానా, నీ నోరు మూశానా? అడుగు." నా భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు. "అక్టోబర్లో నువ్వు శాసనసభకి నిలబడతావని అక్కయ్య చెప్పింది. ఈ ఒడ్డున రైతులందరూ నా మాట మీదే ఓటేస్తారు. మనలో మనకి ఈ విడివిడి ఏమిటి బావా?"

నేను ఇంకోసారి చెప్పలేదు.

ఏడుగురు కర్ర వైపు చూస్తూ, నేను అడగ్గానే "అవును దొరా" అన్నారు. ఎనిమిదో మనిషి ఫీబీ. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆరు నెలల ఆడబిడ్డని బూడిదరంగు శాలువాతో గుండెకి కట్టుకుని ఉంది.

"నీ ఇష్టంతోనే వెళుతున్నావా?"

ఆమె జవాబు చెప్పలేదు. నా కళ్ళలోకి చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. తెలిసిన మనిషిని చూసినట్టు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. కిందటి జూలై నాలుగున గుంపు చివర, చర్చి మెట్లకి దూరంగా నిలబడి నా మాటలు చివరిదాకా విన్నది ఈమె.

"మూగదా?" అన్నాను.

"మూగా పాడా! పొగరు. ఒప్పుకుందని రాసెయ్."

అంతలో బిడ్డ గట్టిగా ఏడ్చింది.

"విన్నావా బావా? చిన్నదానికి కూడా ఇష్టమేనట!" రూలెఫ్ పగలబడి నవ్వాడు. పనివాళ్ళిద్దరూ నవ్వారు.

నేనూ నవ్వాను. ఈ మాట దాచుకుంటే మిగతాదంతా చెప్పడం దండగ.

నవ్వుతూనే సంతకాలు పెట్టాను. తల్లికొకటి. బిడ్డకొకటి.

*

మధ్యాహ్నం నుంచి పొగమంచు పట్టింది. నాలుగయ్యేసరికి నది కనిపించలేదు. ఆ తర్వాత కంచె కనిపించలేదు. ఫెమ్మి ఎగువన ఎవరికో పురుడొస్తే సాయానికి వెళ్ళింది. నేను కొవ్వొత్తి వెలిగించుకుని సంఘం తరఫున శాసనసభకి మహజరు రాస్తున్నాను. దేని గురించనుకున్నారు? మన రాష్ట్రపు నల్లవాళ్ళని దక్షిణాదికి అమ్మెయ్యడం ఆపించమని. పొద్దున ఆ పని చేసి, సాయంత్రం ఈ రాత రాస్తున్నా నా చెయ్యి వణకలేదు.

దూరంగా మంచు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. పళ్ళు నూరుతున్నట్టు ఆ చప్పుడు. పొయ్యిలో కట్టెలు మండుతూనే ఉన్నాయి, వేడి మాత్రం నా దాకా రావడం లేదు. మెల్లగా ఒక వాసన వచ్చింది. నది అడుగున కుళ్ళిన రెల్లు వాసన, బురద వాసన. తలుపు సందుల్లోంచి పొగమంచుతో పాటు వస్తోందనుకున్నాను.

టప్... అని చప్పుడు.

కాసేపాగి మళ్ళీ టప్...

పైకప్పు కారుతోందా అని తల ఎత్తాను.

పొయ్యి పక్క కుర్చీలో ఫీబీ కూర్చుని ఉంది.

తలుపు తెరిచిన చప్పుడు వినలేదు. జుట్టు ముఖానికి అతుక్కుపోయింది. గౌను అంచు నుంచి నీళ్ళు నేలమీద పడుతున్నాయి. గుండె మీద తడి శాలువా, లోపల బిడ్డ ఆకారం. కదలిక లేదు.

పారిపోయి వచ్చిందనుకున్నాను. నాకు మొదట వచ్చింది భయం కాదు, చిరాకు. ఎవరైనా చూస్తే? సంఘం కార్యదర్శి ఇంట్లో రూలెఫ్ బానిస ఉందని తెలిస్తే?

"ఇక్కడికెందుకొచ్చావు?" గుసగుసగా అడిగాను.

"పొద్దున మీరు ఒక మాట అడిగారు దొరా." గొంతు చాలా మెత్తగా ఉంది. పెదవులు కదిలినట్టు లేదు. "జవాబు చెబుదామని వచ్చాను."

"అదంతా అయిపోయింది."

"ఎవరూ లేనిచోట అడగాలి కదా. ఇప్పుడెవరూ లేరు... అడగండి."

అడగడం ఎంతసేపు? అడిగితే ఆమె లేదంటుంది. లేదంటే ఆ కాగితం చింపాలి. అది చింపితే మిగతా ఏడూ చింపాలి. రూలెఫ్... ఓట్లు... పేరు... ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి.

"చలికి వణుకుతున్నావు. వంటింట్లోంచి వేడిగా ఏదైనా తెస్తాను. మంట దగ్గరే కూర్చో" అన్నాను.

ఆమె నన్నే చూసింది. కొట్టంలో చూసినట్టే.

"బిడ్డని చూడండి దొరా," అంది. "బిడ్డ చల్లబడింది."

నేను చూడలేదు. గది బయటికొచ్చి, తలుపు మూసి, తాళంచెవి తిప్పాను. వంటిల్లు దాటి, పెరటి దారిన నది వైపు పరుగెత్తాను. ఆమెని పట్టివ్వడానికే.

*

రూలెఫ్ రేవు మా పెరటికి నాలుగు నిమిషాల నడక. పొగమంచులో లాంతర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. రూలెఫ్ నడుం దాకా తడిసి గట్టు మీద నిలబడి ఉన్నాడు. పనివాళ్ళు పొడవాటి కొక్కేలతో నీళ్ళని కెలుకుతున్నారు.

"రూలెఫ్! కంగారుపడకు. మా ఇంట్లోనే ఉంది. తాళం వేసి వచ్చాను."

"ఎవరు?"

"ఫీబీ."

అతను నా ముఖం మీదికి లాంతరు ఎత్తాడు. "తాగావా బావా?"

"నా కచేరీ గదిలో కూర్చుని ఉంది. ఇప్పుడే మాట్లాడి వస్తున్నాను."

"రెండింటికి పడవ ఎక్కిస్తుంటే దూకేసింది. బిడ్డతో సహా. మంచు పలక కిందికి పోవడం ఈ కళ్ళతో చూశాను." లాంతరు నీళ్ళ వైపు తిప్పాడు. "అప్పట్నుంచీ వెతుకుతున్నాం..."

ఇద్దరం మా ఇంటికి నడిచాం. తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి తిప్పి తలుపు తోశాను.

గదిలో ఎవరూ లేరు. కిటికీ గడియ వేసే ఉంది. పొయ్యి ఆరిపోయింది. కుర్చీ తడిగా ఉంది. కుర్చీ కింద నీళ్ళు మడుగు కట్టి, అందులో ఒక మంచు ముక్క మెల్లగా తిరుగుతోంది.

బల్ల మీద, నేను రాస్తున్న మహజరు కాగితాల మీద, బిడ్డ పడుకుని ఉంది.

ఒంటి మీద నూలుపోగు లేదు. పొడిగా ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. కళ్ళు తెరిచి మమ్మల్ని చూస్తోంది. ఏడవడం లేదు.

రూలెఫ్ రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు. "దాని కాగితం నా దగ్గరుంది..." అన్నాడు. ఆ గొంతు అతనిది కాదన్నట్టుంది.

బిడ్డని చేతుల్లోకి తీసుకున్నాను. "దీన్ని ఇవ్వను."

"సంతకం పెట్టింది నువ్వే బావా."

"పొద్దున ఇది ఏడ్చింది రూలెఫ్. ఒప్పుకోలేదు. ఏడ్చింది."

అతను నన్ను, బిడ్డని, తడి కుర్చీని చూశాడు. "ఉంచుకో. ఎలా వచ్చిందో దాన్నే అడుగు" అని వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు.

కాసేపటికి రేవు వైపు నుంచి లంగరు గొలుసు లాగుతున్న చప్పుడు వినిపించింది. ఆ పడవలో ఏడుగురున్నారు. ఏడు సంతకాలూ నావే. గుమ్మంలోకి వెళ్ళి ఒక్క కేక వేసి ఉంటే పడవ ఆగేది. మేజిస్ట్రేటుని, ఆపే అధికారం నాకుంది. ఒక బిడ్డని కాపాడానుగా అనుకుంటూ, ఆ గొలుసు చప్పుడు ఆగిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

*

మాకు పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లల్లేరు. ఫెమ్మి బిడ్డని చూడగానే ఎవరి బిడ్డని అడిగింది. తల్లి లేదన్నాను. అంతే, ఇంకేమీ అడగలేదు. తన పాత గౌను చింపి చిన్న చొక్కాలు కుట్టింది. ఆవుపాలు కాచి, చల్లార్చి, చెంచాతో పట్టేది.

"ఎంత బుద్ధిమంతురాలో చూశారా? ఒక్కసారైనా ఏడవదు" అనేది.

నిజమే. ఏడ్చేది కాదు. నవ్వేదీ కాదు. నేను ఎటు కదిలితే అటు కళ్ళు తిప్పేది. నేను ఆ గదిలో కూర్చోవడం మానేశాను. నా మహజరుని మాత్రం సంఘంలో అందరూ మెచ్చుకున్నారు. చదివి వినిపిస్తే ఒకాయన లేచొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. నేను కౌగిలించుకోనిచ్చాను.

ఏప్రిల్ ఆఖరున షాడ్ చేపలు నదిలోకి ఎక్కి వచ్చే రోజులు. ఒక మధ్యాహ్నం యాకొబస్ అనే జాలరి వగరుస్తూ వచ్చాడు.

"అయ్యగారూ, వలలో మనిషి పడింది. ఆడమనిషి. మీరొచ్చి రాసుకుంటే గానీ పూడ్చలేం."

చేపలు ఉప్పేసే పాకలో బల్ల మీద పడుకోబెట్టి, పైన తెరచాప గుడ్డ కప్పారు. బయట ఎండ కాస్తోంది. జాలర్లు గట్టు మీద కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

"చలినీళ్ళు కదా, ఏం చెడలేదు," అన్నాడు యాకొబస్. "చేతులు రెండూ గుండె మీద బిగించేసుకుంది. ఎంత లాగినా రాలేదు. ఏం పట్టుకుందో మరి."

"నువ్వు బయట ఉండు."

అతను వెళ్ళాక గుడ్డ తీశాను.

ఫీబీ. కళ్ళు మూసుకుని ఉంది. గుండె మీద అదే బూడిదరంగు శాలువా, రెండు ముళ్ళు వేసి. చేతులు దాని చుట్టూ.

శాలువా అంచు వేళ్ళతో పట్టుకుని కొంచెం... కొంచెమే... పక్కకి తప్పించాను.

లోపల బిడ్డ ఉంది.

ఆరు నెలల ఆడబిడ్డ. తల్లి గొంతు కింద తల పెట్టుకుని పడుకున్నట్టుంది. ఆ ముఖం నాకు తెలుసు. ఆరు వారాలుగా మా ఇంట్లో పొద్దున్నా సాయంత్రం చూస్తున్న ముఖం.

"అయ్యగారూ?" అని యాకొబస్ బయట్నుంచి పిలిచాడు. నేను శాలువా సర్ది, గుడ్డ కప్పేశాను.

"ఒక్క ఆడమనిషి. నీళ్ళలో పడి చనిపోయింది" అని రాసి సంతకం పెట్టాను. మళ్ళీ అబద్ధం. మళ్ళీ ఆమె గురించే. గుడ్డ తీయకుండా అలాగే పూడ్చమని చెప్పాను.

ఇంటికి నడిచాను. ఎండ ఇంకా ఉంది. దారిలో ఎవరూ ఎదురు కాలేదు. నా వెనకా ఎవరూ లేరు. రెండుసార్లు ఆగి చూశాను.

ఫెమ్మి బిడ్డని ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"ఏవండీ, ఇవాళ ఏమైందో తెలుసా? నవ్వింది! మధ్యాహ్నం నుంచీ ఒకటే నవ్వు..."

బిడ్డ నన్ను చూడడం లేదు. నా భుజం మీదుగా చూస్తోంది. రెండు చేతులూ చాపి, కిలకిలా నవ్వుతూ, ఫెమ్మి చంకలోంచి దూకబోతోంది.

ఫెమ్మి కూడా నా వెనక్కే చూసింది.

"అదేమిటండీ," అంది మందలింపుగా, "పాపం, ఆ అమ్మాయిని వాకిట్లోనే నిలబెట్టేశారు? లోపలికి రమ్మనండి."