నిరుటి పైన్ ఆకులు

కజానీ రైల్వే స్టేషన్ బయట నిలబడి సాసేజీ తింటున్న మనిషిని, సైకిల్ మీద వచ్చినవాడెవడో సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చి, బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. చచ్చినవాడు పరాయి ముఠాలో ఫిన్లాండ్ గూఢచారి శాఖకున్న నమ్మకమైన మనిషి. ప్రాణం పోయేముందు, తనను కలవడానికి వచ్చిన ఏజెంట్ తౌనో చెవిలో నాలుగు ముక్కలు చెప్పగలిగాడు. రైలు వంతెన, బాంబు, వచ్చే ఆదివారం, నేల కింద డీజిల్ జనరేటర్.

రిటైర్మెంటు దగ్గరపడ్డ తౌనోకి ముందుగా తట్టింది, ఈ ఆదివారం కూడా ఆవిరి స్నానం లేనట్టేనని. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. ఆదివారం సాయంత్రం రైలంటే సెలవు ముగించుకుని బ్యారక్స్‌కి తిరిగి వెళ్లే కొత్త సిపాయిల రైలు. పెట్టె నిండా మీసం సరిగా రానివాళ్లే.

"రైలు ఆపేద్దాం సార్," అన్నాడు చీఫ్ ఔలిస్‌తో.

"ఆపితే ముఠా జారుకుంటుంది. వచ్చే నెల ఇంకో రైలు పేలుస్తారు. ముందు ఆ జనరేటర్ ఉన్న బంకర్ ఎక్కడో కనిపెట్టు."

"ఆరు వంతెనలున్నాయి. అన్నిటి దగ్గరా పాత యుద్ధం నాటి బంకర్లే. సగం మ్యాపుల్లోనే లేవు."

"అందుకే మిర్యాని నీతో పంపిస్తున్నా. అడవుల చదువు చదివిందిగా."

మిర్యా డబుల్ ఏజెంట్. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోందని శాఖ మురిసిపోతుండేది. బురదలోకి దిగినా పెదవుల రంగు చెదరనివ్వదు. తౌనో జోకులకు నవ్వే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. అందుకే ఆమె పక్కనుంటే అతనికి ఈ కొలువు కాస్త తేలికగా ఉండేది.

అటవీ కేంద్రంలో డాక్టర్ హిల్కా ఇద్దరికీ కాఫీ పోసి పాఠం చెప్పింది.

"గాలిలో కార్బన్ రెండు రకాలు. మామూలుది, కాస్త బరువుది. నీళ్లు చాలకపోతే పైన్ చెట్టు ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. అప్పుడు ఆకులో బరువు రకం పెరుగుతుంది. అలా చెట్టు దాహం లెక్కగట్టడమే నా పని. మీ డీజిల్ పొగలో బరువు రకం తక్కువ. వేసవంతా ఆ పొగ పీల్చిన ఆకు నా మెషిన్ ముందు అబద్ధమాడలేదు."

"పొగ గొట్టానికి ఫిల్టరు పెడితే?" అడిగాడు తౌనో.

"మసి ఆగుతుంది. ఈ గ్యాసు ఆగదు. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. కొమ్మ చివర, మొగ్గతో సహా కొయ్యాలి. ఈ ఏటి ఆకు అక్కడే ఉంటుంది. ఏ ఏటి ఆకు ఆ ఏటి గాలినే దాచుకుంటుంది."

పుట్టగొడుగులు ఏరేవాళ్ల వేషంలో ఇద్దరూ అడవిలోకి దిగారు. శరత్కాలంలో చేతిలో బక్కెట్టు ఉంటే ఆ దేశంలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. బక్కెట్టు అడుగున వైర్‌లెస్. ప్రమాదమైతే చెప్పాల్సిన కోడ్ మాట 'పుట్టగొడుగులకు పురుగు పట్టింది'. వంతెన వంతెనకూ తౌనో కాపలా కాశాడు, మిర్యా కొమ్మలు కోసి పొట్లాలు కట్టింది.

"మోకాళ్లు అరిగిపోయినట్టున్నాయే, తాతగారూ," అని ఆటపట్టించింది.

"మోకాళ్లేం ఖర్మ, మనిషినే అరిగిపోయాను," అన్నాడు తౌనో.

ఆదివారం మధ్యాహ్నం ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఆరు పొట్లాలూ క్లీన్. చచ్చినవాడు పొరబడ్డాడని తేల్చి చీఫ్ మిషన్ మూసేశాడు. బన్నులు కొనుక్కొస్తానని మిర్యా కారు తీసుకెళ్లింది. అటవీ కేంద్రంలో మిగిలిన రెమ్మలు పొయ్యిలో పడేద్దామని తౌనో పొట్లాలు విప్పాడు.

ఐదు పొట్లాల్లో ప్రతి రెమ్మకూ కొన మొగ్గ ఉంది. కోతాయోకి వంతెన పొట్లంలో ఒక్కదానికీ లేదు. ఆకులు ముదురుగా, అక్కడక్కడా మచ్చలతో ఉన్నాయి. అవి నిరుటివి. జనరేటర్ ఈ వసంతంలో పెట్టి ఉంటే దాని సంగతి నిరుటి ఆకుకేం తెలుస్తుంది? అతను పక్కనే ఉన్నాడు గనక మిర్యా చెట్టు మార్చలేకపోయింది. రెమ్మ మార్చింది.

తౌనో బెంచీ మీద కూలబడ్డాడు. కోపం రాలేదు. ఫోన్ తీశాడు.

చీఫ్ ఫోన్ ఎత్తలేదు. ఆదివారం సాయంత్రం ఫిన్లాండ్‌లో ఏ చీఫూ ఎత్తడు, అందరూ ఆవిరి గదుల్లోనే ఉంటారు. చీఫ్ ఆర్డరు లేనిదే రైలు ఆపలేనన్నాడు రైల్వే డ్యూటీ అధికారి. హిల్కా పాత వ్యాను తాళాలు లాక్కుని తౌనో బయల్దేరాడు.

కోతాయోకి చేరేసరికి దూరంగా రైలు కూత వినిపించింది. మిర్యా కోసిన చెట్టు మొదట్లో నాచు కింద తడిమాడు. ఇనప గొట్టం వేడిగా తగిలింది. బంకర్ తలుపు వెతికే వ్యవధి లేదు. ఉన్ని టోపీ తీసి గొట్టంలో కుక్కాడు. చాలలేదు. స్వెటర్ విప్పి కుక్కాడు, దానిపైన తడి నాచు దట్టించి, రెండు అరచేతులతో నొక్కి పట్టాడు. చేతులు బొబ్బలెక్కాయి. రైలు మలుపు తిరిగింది. నేల కింద జనరేటర్ దగ్గి, ఎగశ్వాస పీల్చి, ఆగిపోయింది. దానితోపాటే బాంబును పేల్చే కరెంటూ పోయింది.

కుర్ర సిపాయిలు వంతెన దాటారు. కిటికీ అద్దాలకు చెంపలు ఆనించి సగంమంది నిద్రపోతున్నారు.

పొదల చాటు తలుపు తెరుచుకుంది. మిర్యా దగ్గుతూ, చేతులెత్తి బయటికొచ్చింది. వెనకాలే ఇద్దరు మనుషులు పొగకు సోలిపోయి నాచు మీద పడ్డారు. తౌనో పిస్టల్ తీశాడు.

"ఎలా కనిపెట్టావ్?" అందామె.

"మొగ్గ లేదు."

"పాఠం జరుగుతుంటే నువ్వు నిద్రపోతున్నావనుకున్నా."

"నాకు నిజంగా నిద్రే కావాలి మిర్యా. ఇకనుంచి నాతో కాఫీ తాగే తోడు కూడా లేకుండా చేశావు."

తౌనో జేబులో ఫోన్ మోగింది. చీఫ్.

"ఏంటయ్యా తౌనో, అన్ని సార్లు చేశావ్? కోతాయోకి వెళ్లావని హిల్కా చెప్పింది, నీకేం పని? అక్కడంతా క్లీనని ల్యాబ్ చెప్పింది కదా."

తౌనో కాలిన చేతుల్ని, ఎదురుగా నిలబడ్డ మిర్యాని చూసుకున్నాడు.

"ల్యాబ్ చెప్పింది నిజమే సార్," అన్నాడు. "నిరుడు ఇక్కడ అంతా బాగానే ఉండేది."