పాదానికో గడ్డ

రెండో గుక్క టీ గొంతు దిగకముందే పెద్దాయన యుద్ధసన్నద్ధుడయ్యాడు. తలకు తువ్వాలు చుట్టి, పార భుజాన వేసుకుని పెరటి గుమ్మం దాటుతున్న ఆ వైభవం చూస్తే దండయాత్రకు బయలుదేరిన చక్రవర్తి అనుకోవలసిందే. మోకాళ్లు మాత్రం ఆ మాటకు ఒప్పుకోవు. జయించవలసిన రాజ్యం ఇంటి వెనక అరెకరం బంగాళాదుంప చేను.

ఈ పంటకు ఆ రాజ్యం రెండు ముక్కలైంది. మోకాళ్ల పుణ్యమా అని సగం చాళ్లలో ఆయన, తక్కిన సగంలో కోడలు విత్తనం పెట్టారు. కోడలు వీధి చివరి దుకాణంలో కుట్టుపని చేస్తుంది. మిషను తొక్కీ తొక్కీ విసుగెత్తి, వచ్చే పంట నుంచి చేనంతా తనకే అప్పగించమని అడిగింది. "ముందు నీ సగం పండనీ, చూద్దాం" అన్నాడాయన. ఆ చూసే రోజు ఇదే.

ఆయన ధర్మశాస్త్రంలో ఉన్నది ఒకే సూత్రం: పాదానికో గడ్డ. మడమకు బొటనవేలు ఆనించి నడుస్తూ, పాదం పడిన ప్రతిచోటా ఒక విత్తనపు గడ్డ పాతాలి. కోడలు ఆ సూత్రాన్ని పొల్లుపోకుండా పాటించింది.

పదింటికల్లా తీర్పు మట్టిలోంచి బయటపడింది. ఆయన చాళ్లలో పిడికిలి నిండే దుంపలు. ఆమె చాళ్లలో నిమ్మకాయలంతేసి.

"ఏమ్మా, ఇవి దుంపలా, గోలీలా?" పెద్దాయన నవ్వు దాచుకునే ప్రయత్నమైనా చేయలేదు.

"అదే విత్తనం, అదే ఎరువు, అవే నీళ్లు మామయ్యా. మొదళ్లకి మట్టి ఎగదోసింది కూడా నేనే, మీ చాళ్లకీ నా చాళ్లకీ!"

"మట్టి ఎవరైనా ఎగదోస్తారు. విత్తనం పెట్టే చెయ్యి వేరు. మొదట్లో నావీ ఇంతే ఉండేవి. ఆరేళ్లు మా నాన్న చేత చీవాట్లు తింటేగాని చెయ్యి తిరగలేదు."

"అయితే నన్నూ ఆరేళ్లు తిట్టండి, పడతాను. చేను మాత్రం ఇవ్వండి."

"వద్దులే తల్లీ. నీ మిషను నీకుందిగా."

కోడలి మొహం చిన్నబోయింది. గట్టు మీద బస్తాల మూతులు కుడుతున్న అత్తగారు సూది ఆపింది.

"చిన్నవైతే ఏంటట? మీ నాలుగు చాళ్లకి మూడు బస్తాలు, దాని నాలుగు చాళ్లకీ మూడే. పైగా కోసే పని లేకుండా ఉడకేసుకోవచ్చు."

"నువ్వూరుకో! ఇది బరువు సంగతి కాదు, పరువు సంగతి."

కోడలు వృత్తి అలవాటుకొద్దీ ఎప్పుడూ మెడలోనే వేలాడే టేపు తీసి, ఇంకా తవ్వని చాళ్ల దగ్గర కూర్చుంది. మొక్కకీ మొక్కకీ మధ్య ఎడం కొలిచింది. ఆయన చాలులో పదకొండున్నర అంగుళాలు. తన చాలులో ఎనిమిదిన్నర. నమ్మకం చాలక మళ్లీ కొలిచింది.

"మామయ్యా, కాస్త చెప్పు విప్పండి."

"కాళ్ల మీద పడితే చేను రాదమ్మాయ్."

"పడటానికి కాదు, కొలవడానికి."

చక్రవర్తి పాదానికి టేపు తగలడం అదే మొదలు. పదకొండున్నర. కోడలు తన పాదాన్ని తెచ్చి దాని పక్కన పెట్టింది. అత్తగారు పకపకా నవ్వింది.

"ఓరి దేవుడా! మీ పాదంతో మీరు, దాని పాదంతో అది! ఇరుకున పడ్డ గడ్డలు ఎక్కడ ఊరతాయి? చెయ్యీ లేదు, గియ్యీ లేదు!"

పెద్దాయన నవ్వలేదు. ఆ రెండు పాదాలనే చూస్తూ అడిగాడు:

"పదకొండేళ్ల పిల్లాడికి పాదమెంత ఉంటుంది?"

"ఇంచుమించు నా అంతే ఉంటుంది. ఎందుకు మామయ్యా?"

"నేను మొదటిసారి విత్తనం పెట్టిన వయసు."

ఆరేళ్లపాటు ప్రతి పంటకూ తండ్రి నోట "చేతకాని వెధవ" అనిపించుకున్నాడు. పదిహేడో ఏట దుంపలు పెద్దవైతే, ఆ తండ్రే భుజం తట్టి "చెయ్యి తిరిగిందిరా" అన్నాడు. ఆ బిరుదును యాభై ఏళ్లు కిరీటంలా మోశాడు. తీరా చూస్తే ఆనాడు పెరిగింది పాదం!

ఇప్పుడొచ్చింది నవ్వు. గట్టు మీద కూలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. కొన్ని నీళ్లు నవ్వువి కావు.

"ఆ తిట్లన్నీ తిన్నవాణ్ణి, అవే నీకు వడ్డించాను చూడమ్మా," అన్నాడు. "పదకొండున్నరకి ఒక కర్ర కోసుకో. ఇకమీదట పాదాలతో పని లేదు."

"రెండు కోస్తాను మామయ్యా. పెద్దవి కావాలంటే ఒకటి, చిన్నవి కావాలంటే ఒకటి."

"నీ చేను, నీ ఇష్టం."

అనేశాక గాని తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తీసుకోలేదు. కళ్లు తుడుచుకుని, చెప్పు తొడుక్కోవడం మరిచి, తిన్నని కర్ర ఎక్కడుందా అని కంచె వైపు నడిచాడు.