చివరి టైటానియం దిమ్మె

కాసాబ్లాంకా శివారు వర్క్‌షాపులో మిల్లింగ్ ఆపరేటర్ హమ్మాదీని ఎవరో కాల్చి, కట్టర్‌ని చల్లబరిచే కూలెంట్ తొట్టెలో పడేశారు. మర్నాడే అతని నీలం కోటు తొడుక్కుని, అతని మెషీన్ ముందు మిల్లింగ్ పని తెలిసిన ఏజెంట్ యజీద్ నిలబడ్డాడు.

కర్నల్ ఫోన్‌లో చెప్పింది తక్కువే. "ఆ మెషీన్ మీద కోస్తున్నది నిఘా విమానం చక్రాల కాలు. మూడు టైటానియం దిమ్మెలు పాడయ్యాయి. మిగిలింది ఒక్కటి. అదీ పోతే ఆర్డరు పరాయి కంపెనీకి, దాని ద్వారా మన డిజైను శత్రువుకి. అక్కడి ఇంజనీరు లామియా మన మనిషే."

"మన మనిషి ఉండగా హమ్మాదీ ఎలా చచ్చాడు సార్?"

కర్నల్ ఫోన్ పెట్టేశాడు.

రంజాన్ నెల. మొదటి దిమ్మె పోయింది పనివాళ్ల తప్పు వల్లే. ఉపవాసం విడిచే మగ్రిబ్ బాంగు వినగానే ఫీడ్, అంటే కట్టర్ ముందుకి జరగడం, ఆపి హరీరా సూపు కోసం పరుగెత్తారు. కట్టర్ కోయకుండా ఒకేచోట రుద్దుకుంది. టైటానియం వేడిని లాక్కోదు, కట్టర్ అంచుకే వదిలేస్తుంది. పైపొర గట్టిపడింది, తర్వాతి కోతకు కట్టర్ పగిలింది. మళ్లీ ఎవరూ ఫీడ్ ఆపలేదు. అయినా ఇంకో రెండు దిమ్మెలు అలాగే పోయాయి. తిట్లు మాత్రం పనివాళ్లకే.

లామియా పట్టు స్కార్ఫుతో, సెంటు ఘుమఘుమతో వచ్చింది. "ఏం యజీద్ దొరా, నువ్వూ ఆకలికి ఆగలేని బాపతేనా?"

"ఆగలేను అమ్మగారూ. బాంగు వినగానే మసీదుకి పోతా. మెషీన్ దాని పాట్లు అది పడుతుంది."

ఆ మాట ఆమెకొక్కదానికే చెప్పాడు. మెషీన్ పక్కన ఖర్జూరాల పళ్లెం పెట్టాడు. ఒక పండులో గింజ బదులు కెమెరా. దాని బొమ్మ నేరుగా కర్నల్ బల్ల మీది తెరకి వెళ్తుంది.

బాంగు వినిపించింది. షెడ్డు ఖాళీ అయింది. యజీద్ మెషీన్ నడుస్తుండగానే దాని వెనక నక్కాడు.

మడమల చప్పుడు. లామియా ఫీడ్ డయల్‌ని సున్నా దగ్గరికి తిప్పి, కూలెంట్ కట్టేసింది. కట్టర్ కీచుమంది. అంచు ఎర్రబడింది.

"చెయ్యి తియ్యి!" యజీద్ బయటికొచ్చాడు.

ఆమె పిస్టల్ తీసింది. "హమ్మాదీ కూడా ఇదే కూశాడు. ఉపవాసం ఉన్నోడివి, మొహం పీక్కుపోయింది చూసుకో."

"ఆకలికి కాదు. నిన్ను చూస్తే అసహ్యం."

పళ్లెం ఆమె మొహాన విసిరాడు. పిస్టల్ పేలి, తూటా పైదీపానికి తగిలింది. పగలబోతున్న కట్టర్‌ని ఒక్క మీటతో లోహంలోంచి పైకి లేపాడు. తర్వాతే ఆమె మణికట్టు విరిచి, ఆమెని మెషీన్ కాలికి బేడీతో కట్టేశాడు.

దిమ్మె మీద కావలసిన కొలతకి పైన కాస్త లోహం మిగిలే ఉంది. కొత్త కట్టర్ బిగించి, గట్టిపడిన పొర కిందికి లోతుగా దించాడు. వేగం తగ్గించాడు, ఫీడ్ పెంచాడు, కూలెంట్ పూర్తిగా వదిలాడు. మందపాటి లోహపు తరుగు వేడిని మోసుకుని ఎగిరిపడింది. విమానం కాలు నున్నగా తేలింది.

"దాహం... నేనూ ఉపవాసమే," అంది లామియా నేల మీంచి.

యజీద్ కింద పడ్డ ఖర్జూరం ఒకటి ఏరి ఆమె ఒళ్లో వేశాడు.

"తిను. గింజ మాత్రం కొరక్కు. సర్కారు సొత్తు."