వేకెంట్, నాట్ ఎంప్టీ

హోటల్ వెనక మెట్ల మీద అల్లుడు తూటా తగిలి కూలిపోయాడు. చివరి ఊపిరితో వైర్‌లెస్‌లో చెప్పాడు: "మూడో అంతస్తు మూలగది. వేకెంట్, నాట్ ఎంప్టీ."

రహస్య శాఖలో అందరికీ చుట్టరికాలే కోడ్ పేర్లు. అల్లుడికి పని నేర్పిన ఏజెంట్ పిన్ని. హోటల్ పనిమనిషి వేషంలో, చేతుల నిండా ఉతికిన దుప్పట్లతో ఉండగా, ఆ మాటలు ఆమె చెవికమ్మలోని వైర్‌లెస్‌లో వినపడ్డాయి.

శాఖ అధిపతి పెదనాన్నకి మాత్రం అవి వదిన చేసిన తెలుగు తర్జుమాలో అందాయి. వదిన రహస్య సందేశాలు విప్పి చెప్పే డీకోడర్. ఆమె నడిస్తే కారిడారంతా సెంటు వాసన.

"గది ఖాళీ, ఖాళీ కాదు అన్నాడట," కమ్మలో పెదనాన్న గొంతు గరగరలాడింది. "పాపం, ప్రాణం పోతూ పలవరించాడు. మన సైంటిస్టుని చంపాలని చూస్తున్న విదేశీ ముఠా అక్కడ లేదు. వదిన ఆయన్ని దాచడానికి ఆ గదికే తీసుకొస్తోంది."

"వద్దు పెదనాన్నా! మనకి రెండూ ఖాళీయే. ఇంగ్లీషులో కాదు. ఎవరూ దిగకపోతే వేకెంట్. లోపల ఏమీ లేకపోతే ఎంప్టీ. మనుషుల్లేరు, ఏదో ఉందన్నాడు వాడు."

"ఇప్పుడు గ్రామర్ క్లాసా? ఇది ఆర్డర్. తప్పుకో."

"తప్పుకోను. ఆ తేడా వాడికి చెవి మెలిపెట్టి నేర్పింది నేనే."

పిన్ని కమ్మ పీకి జేబులో పడేసింది. మాస్టర్ కీతో మూలగది తలుపు తీసింది. మంచం, కుర్చీ, బల్ల మీద పూలు లేని కూజా. ఎత్తబోతే కదల్లేదు. ఉత్త కూజాకి ఇంత బరువా? లోపల ఎర్ర దీపం మిణుకుమంది.

బాంబు!

అంతలో సైంటిస్టు గుమ్మంలోకి వచ్చాడు. వదిన కారిడార్ చివరే ఆగిపోయింది.

"మీరు లోపల కూర్చోండి సార్. లిప్‌స్టిక్ సరిచేసుకుని వస్తా."

వదిన పెదాలు అప్పటికే నిగనిగలాడుతున్నాయి. పిన్ని మొహం కనపడకుండా దుప్పట్ల దొంతర ఎత్తి పట్టుకుని ఆమె వైపు నడిచింది. వదిన వేలు లిప్‌స్టిక్ అడుగునున్న మీట మీదికి జారింది. నొక్కేలోపే నెత్తిన దుప్పటి పడింది. లిప్‌స్టిక్ పిన్ని గుప్పిట్లోకి వచ్చింది.

"తర్జుమాలో తప్పేముంది పిన్నీ? రెండూ ఖాళీయేగా!" దుప్పట్లోంచి వదిన బుసకొట్టింది.

"కాదు వదినా. ఆ రెంటి మధ్య మా అల్లుడి ప్రాణం ఉంది."

బాంబు నిపుణులు కూజా మోసుకుపోయాక, స్వయంగా హోటల్‌కి వచ్చిన పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "డీకోడర్ కుర్చీ ఇప్పుడు... ఎంప్టీనా, వేకెంటా?"

"కుర్చీ వేకెంట్. ఎంప్టీ నా కడుపు. ముందు టీ తెప్పించండి."